అంగుళానికి అడుగు

పోయిన వేసవిలో మా ఊళ్ళో కొత్త బిల్డింగు ఒకటి లేచింది. ఏ శాఖదో చెప్పను, ఊరందరికీ పనిపడే బిల్డింగే అనుకోండి. పునాది మూడడుగులు లేపేరు. మా కోనసీమలో అంతే, ఎవరు ఏం కట్టాలన్నా ముందు అడిగే మాట "ఎనభయ్యారులో ఇక్కడ నీళ్ళెంత నిలబడ్డాయి" అని. 1986 ఆగస్టు వరదప్పుడు నాకు నాలుగేళ్ళు, నాన్న మెడ మీద కూచుని ఏటిగట్టు ఎక్కడం, కింద ఎర్రనీళ్ళు, అంతే గుర్తుంది. ఆ వరద చూసినవాళ్ళు ఎవరూ మళ్ళీ నేలమట్టానికి ఇల్లు కట్టలేదు, 2022 జులైలో గోదారి మళ్ళీ లంకల్ని ముంచాక ఇంకో అరడుగు పెంచుతున్నారు. తప్పని నేననను. కానీ నీళ్ళని గుమ్మం దాకా రానివ్వని ఆ ఎత్తే నాలాంటివాళ్ళని కూడా గుమ్మం దాకా రానివ్వదు.

ర్యాంపు కట్టలేదని కాదు, కట్టేరు. మెట్ల పక్కన తొమ్మిదడుగుల పొడవు, పైన నున్నగా మెరిసే టైల్సు కూడా వేశారు. నేను వీల్‌చైర్‌లో ఎక్కబోతే సగం దూరం వెళ్ళేసరికి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి, మా అబ్బాయి వెనకాల పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే వెల్లకిలా పడేదాన్ని. మేస్త్రి అక్కడే ఉన్నాడు. నాన్నకి తెలిసినాయనే, చిన్నప్పట్నించీ బాబాయ్ అనే పిలుస్తాను. "వెనకాల ఒకళ్ళు నెడితే ఎక్కేత్తావు కదమ్మా" అన్నాడు, ఎగతాళికి కాదు, నిజంగా అంతే అనుకున్నాడు ఆయన.

నా బ్యాగులో ఎప్పుడూ ఒక టేపు ఉంటుంది. తీసి మా అబ్బాయికిచ్చాను. నేల నుంచి గుమ్మానికి నిలువు 36 అంగుళాలు, ర్యాంపు 9 అడుగులు. "లెక్క ప్రకారం 36 అడుగులుండాలి బాబాయ్" అంటే ఆయన నవ్వేసేడు. "ముప్పయ్యారా! అంతెక్కడ పట్టుద్దమ్మా, రోడ్డు దాటి చేలో పడద్ది" అన్నాడు.

ఈ లెక్క కొత్తదేం కాదు, రూల్సులో ఒకటికి పన్నెండు అని రాసి ఉంటుంది, అంటే ఒక వంతు ఎత్తు లేస్తే పన్నెండు వంతులు పొడవు లాగాలి. మిల్లీమీటర్లలో చెబితే మా మేస్త్రీలకి ఎక్కదు. కానీ మనకి అడుగుకి పన్నెండు అంగుళాలే కదా, అందుకని దీన్ని భలే సులువుగా చెప్పొచ్చు: అంగుళానికి అడుగు. ఎన్ని అంగుళాల ఎత్తుంటే అన్నడుగుల ర్యాంపు. ఆరంగుళాల మెట్టుకి ఆరడుగులు, మూడడుగుల అరుగుకి ముప్పయ్యారు. ఈ ఒక్క ముక్క ప్రతి ఊళ్ళో ప్రతి తాపీమేస్త్రికీ తెలిస్తే చాలా గొడవలు తగ్గిపోతాయని నా గట్టి నమ్మకం, ఇదంతా రాస్తున్నది కూడా అందుకే.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఏడాది దాటిన కొత్తలో జ్వరం వచ్చి, సూది వేయించి, తెల్లారేసరికి కుడికాలు లేవలేదని అమ్మ చెబుతుంది. పోలియో. మా ఈడువాళ్ళలో ఊరికి నలుగురైదుగురు ఉండేవాళ్ళం. ఇప్పుడు నా దగ్గర చదివే పిల్లలకి ఆ జబ్బు పేరు చుక్కల మందు వల్లే తెలుసు, మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో వచ్చింది, ఆ తర్వాత లేదు. అది తలుచుకున్నప్పుడల్లా కళ్ళు చెమరుస్తాయి, ఆనందంతోనే. చాలా ఏళ్ళు కాలికి కట్టే ఇనప క్యాలిపరూ చంకకర్రలతో నడిచాను, ఆ బరువంతా మోసీ మోసీ భుజాలు అరిగిపోయాయి, నాలుగేళ్ళ నుంచి బయటికెళ్తే వీల్‌చైరే. అందుకని నాకు మెట్టూ తెలుసు ర్యాంపూ తెలుసు. కర్రలతో నడిచేవాళ్ళకి నిటారు ర్యాంపు మెట్లకంటే ప్రమాదం, వానపడ్డ టైల్సు మీద కర్ర కింది రబ్బరు బుష్ జారిందంటే ఇంక పట్టుకోడానికేం ఉండదు. ర్యాంపు అనగానే సరిపోయిందనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి, దానికి రెండు పక్కలా పట్టుకునే కమ్మీ కావాలి, నేల గరుకుగా ఉండాలి.

పదో తరగతి పరీక్షలప్పుడు, 1997లో, నా నంబరు పడిన గది మేడ మీద. నాన్న రోజూ చేను వదిలేసి సైకిలు మీద తెచ్చి, నన్ను ఎత్తుకుని ఇరవైరెండు మెట్లు ఎక్కించి, బెల్లు కొట్టేదాకా కిందే వేపచెట్టు కింద కూచునేవాడు. నేను అప్పటికే పదిహేనేళ్ళ పిల్లని, నాన్న ఎత్తుకుంటే అందరూ చూస్తుంటే పరీక్ష కంటే అదే ఎక్కువ భయం నాకు. స్కూల్లో ఉన్నన్నాళ్ళూ పొద్దున్న ఇంటి దగ్గర తాగిన నీళ్ళే, సాయంత్రం దాకా చుక్క ముట్టేదాన్ని కాదు, ఎందుకంటే బాత్రూంకి రెండు మెట్లు దిగాలి, దిగినా లోపల కూచోలేను. ఈ మాట ఏ ఆడపిల్లా బయటికి చెప్పదు, నేనూ ముప్పై ఏళ్ళు చెప్పలేదు.

అప్పటికి వికలాంగుల చట్టం వచ్చేసిందండీ. 1995లో పార్లమెంటు చేసింది, 1996 ఫిబ్రవరి 7 నుంచి అమల్లోకి వచ్చింది. నా పరీక్షలు ఆ తర్వాతే. కానీ మాకెవరికీ తెలీదు, ఆ స్కూలువాళ్ళకీ తెలీదు. తెలిసినా ఏమయ్యేదో చెప్పలేను, ఎందుకంటే ఆ పాత చట్టంలో ర్యాంపులు, బస్సులు, టాయిలెట్లు అని రాసిన చోట ముందు ఒక మాట తగిలించారు, ఆర్థిక స్తోమత మేరకు అని. మన దగ్గర ఆఫీసుల్లో ఆ మాటకి అర్థం ఏంటో అందరికీ తెలుసు, డబ్బుల్లేవు తర్వాత చూద్దాం అని.

అయినా ఆ చట్టం నాకు అన్నం పెట్టింది, అది మర్చిపోతే తప్పవుతుంది. ఉద్యోగాల్లో మూడు శాతం అని రాసింది, చూపు లేనివాళ్ళకి ఒకటి, వినపడనివాళ్ళకి ఒకటి, మాలాంటి కాలూ చెయ్యీ సరిగా లేనివాళ్ళకి ఒకటి. సర్టిఫికెట్ కోసం కాకినాడ మెడికల్ బోర్డుకి వెళ్ళాలి, అప్పటికింకా ఎదుర్లంక-యానాం వంతెన లేదు, ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగి, రామచంద్రపురం మీదుగా రెండు బస్సులు మారి వెళ్ళేవాళ్ళం. రెండుసార్లు డాక్టరు రాలేదని వెనక్కి పంపేశారు, మూడోసారి కాలు కొలిచి 55 శాతం అని రాసిచ్చారు. ఆ కాగితంతోనే డీఎస్సీలో ఆర్థో కోటాలో టీచరు పోస్టు వచ్చింది నాకు. మొదటి జీతం తెచ్చి నాన్న చేతిలో పెడితే ఆయన ఏం మాట్లాడలేదు, పక్కింటికి వెళ్ళి "మా పాపకి గవర్నమెంటు ఉజ్జోగం" అని చెప్పొచ్చాడు, వాళ్ళకి అప్పటికే తెలుసు, అయినా సరే.

ఇప్పుడు ఆ సర్టిఫికెట్ కోసం సదరం స్లాటు సచివాలయంలో బుక్ చేసుకోవచ్చు, జిల్లా కూడా 2022 ఏప్రిల్లో అమలాపురం వచ్చేసింది, రేవులు దాటే పని లేదు. ఇవన్నీ చిన్నవని ఎవరైనా అంటే చంకకర్రలతో పంటు ఎక్కి చూడమంటాను.

2016 డిసెంబర్లో కొత్త చట్టం వచ్చింది, మరుసటేడు ఏప్రిల్ 19 నుంచి అమలు. ఏడు రకాల వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి, తలసీమియా, ఆటిజం, యాసిడ్ దాడి బాధితులు, కండరాల క్షీణత, అందరూ వచ్చారు. ఉద్యోగాల్లో మూడు నాలుగైంది, పెద్ద చదువుల్లో ఐదు శాతం సీట్లు, పదిమందిలో కావాలని అవమానిస్తే ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. మా స్కూల్లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప పది రాసినప్పుడు పక్కన రాసిపెట్టే మనిషిని ఇచ్చారు, గంటకి ఇరవై నిమిషాలు ఎక్కువ టైమిచ్చారు, కింద గది ఇచ్చారు, వాళ్ళ నాన్న గేటు దగ్గర దింపేసి పనికి వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు కావాలనే గేటు దగ్గరికి వెళ్ళి చూశాను. ఆయన స్కూటరు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోవడం ఉంది చూడండీ, చట్టం మనుషుల్లోకి వచ్చిందంటే నాకు అదే.

మధ్యలో మా పేరు కూడా మార్చారు, వికలాంగులు పోయి దివ్యాంగులు, మన రాష్ట్రంలో విభిన్న ప్రతిభావంతులు. ప్రేమగా అన్నవాళ్ళని నేనేం అనను. నాకు మాత్రం వికలాంగురాలు అనే మాటతో ఇబ్బంది లేదు, నాలో దివ్యం ఏం లేదు, నాకు కావల్సింది సరైన వాలు.

ఆ వాలు దగ్గరే అసలు కథ ఉంది. కొత్త చట్టంలో ఆర్థిక స్తోమత అనే సాకు ఎత్తేశారు, పాత బిల్డింగులన్నీ ఐదేళ్ళలో సరిచేయాలి అన్నారు. 2017 జూన్‌లో రూల్సు వచ్చాయి, ఐదేళ్ళంటే 2022 జూన్‌కి అయిపోవాలి. ఎక్కడైపోయింది? ఎందుకవ్వలేదంటే ఆ కొలతలు కచ్చితంగా పాటించాలా, లేకపోతే పాటిస్తే మంచిదా అన్నది తేలలేదు, రూల్సులో పదిహేనోది సలహాలాగా మిగిలిపోయింది. చూపు లేని రాజీవ్ రాటూరి అనే ఆయన 2005లోనే సుప్రీంకోర్టుకి వెళ్ళాడు, రోడ్లూ బస్సులూ బిల్డింగులూ మాకు అందుబాటులో లేవు అని. ఆ కేసులో 2024 నవంబర్ 8న తీర్పొచ్చింది: సలహాలు చాలవు, ఆ రూలు చట్టానికే విరుద్ధం, ఇంతకంటే తక్కువ చెయ్యడానికి వీల్లేదు అని చెప్పే కొలతల్ని మూడు నెలల్లో రాయండి అని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకి ఆధారమైన రిపోర్టు తయారు చేసింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వైకల్య అధ్యయన కేంద్రమే. ఆ రాత్రి ఫోన్లో తీర్పు గురించి చదివి నేను నిద్రపోలేదు. పంతొమ్మిదేళ్ళు ఒక మనిషి పట్టుకుని నిలబడ్డాడు, దయ చూపించండి అని కాదు, కొలత రాయండి అని.

దయకీ కొలతకీ తేడా నాకెక్కడ తెలిసిందంటే ఒక బ్యాంకు దగ్గర. ఊరూ పేరూ వద్దు. బ్యాంకు మేడ మీద, లిఫ్టు లేదు. అక్కడివాళ్ళు చాలా మంచివాళ్ళు, నేను ఫోన్ చేస్తే ఒకాయన ఫారాలు పట్టుకుని కిందికే వచ్చేవాడు, స్కూటీ సీటు మీద పెట్టి సంతకం చేసేదాన్ని. ఒకరోజు ఆయన మెట్ల మీంచే "మేడం, మీ అకౌంట్లో ఇంతే ఉందండీ, చెక్కు పాసవ్వదు" అని గట్టిగా చెప్పేశాడు. కింద టీకొట్టు దగ్గర పదిమంది ఉన్నారు, అందులో మా స్కూలు పిల్లల తల్లిదండ్రులు కూడా. ఆయన తప్పేం లేదు, నాకు సాయం చేద్దామనే దిగాడు. ఆ తర్వాత ఆయన బదిలీ అయిపోయాడు, కొత్తాయన కిందికి రానన్నాడు. మంచితనం ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. సఖినేటిపల్లి రేవులో పంటువాళ్ళు నా నాలుగు చక్రాల స్కూటీని చూడగానే ముందు ఎక్కిస్తారు, పలక మీద ఇద్దరు చెరో వైపూ పట్టుకుంటారు, వాళ్ళంటే నాకు ప్రాణం, అయినా వాళ్ళు లేని రోజున నేను నర్సాపురం వెళ్ళాలి కదా.

మా వీధి చివర ఒకాయన ఉన్నాడు, అన్నయ్య అంటాను. కొబ్బరి దింపు పని చేసేవాడు. మా వైపు ఈ పని గురించి బయటివాళ్ళకి తెలీదు, వానాకాలం మాను జారుడుగా ఉంటుంది, ఒక్క అడుగు తప్పితే నలభై అడుగుల నుంచి. ఆయన నడుం విరిగింది, నడుం కింద ఏం తెలీదు. భగవంతుడి దయవల్ల ప్రాణం మిగిలింది. మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్ళ పింఛను 2024 జులైలో ఐదు వేల నుంచి పదిహేను వేలు చేశారు, మామూలు వికలాంగుల పింఛను మూడు వేల నుంచి ఆరు వేలు. ఆ పదిహేను వేలు ఆ ఇంట్లో ఏం చేసిందో చూసినదాన్ని కాబట్టి ఎవరైనా ఉచితాలు అని మాట్లాడితే నాకు మండుతుంది. 2024 ఎలక్షన్లో ఆయన ఇంటి దగ్గరే ఓటేశాడు, నలభై శాతం వైకల్యం దాటినవాళ్ళకి ఆ వీలుంది, ఆఫీసర్లు పెట్టె పట్టుకుని వచ్చి, చుట్టూ అట్టముక్కలు పెట్టి, గుట్టుగా వేయించుకుని వెళ్ళారు. నాకూ ఆ వీలుంది కానీ నేను మే 13న పోలింగు బూతుకే వెళ్ళి లైన్లో నిలబడ్డాను, నిలబడ్డానంటే కూచున్నాననుకోండి, నన్ను చూసి రేపు ఇంకొకళ్ళు రావాలని.

కానీ ఆ అన్నయ్యకి క్యాంపులో ఇచ్చిన చైరు ఇంటి గుమ్మంలో పట్టదు. వదిన రోజూ ఆయన్ని చంకల కింద చేతులేసి గుమ్మం దాటించి, బయట అరుగు మీద చైర్లో కూచోబెడుతుంది. అరుగు మూడడుగులు, కిందికి దిగడం లేదు. ఏడేళ్ళుగా ఆయన ప్రపంచం ఆ అరుగే. పింఛను గురించి ఎంత మాట్లాడతారో ఆ గుమ్మం గురించి ఎవరూ మాట్లాడరు. సొంతిల్లు కాబట్టి అక్కడ చట్టం ఏం చెయ్యలేదు నిజమే, కానీ ఆయన చైర్లో దిగగలిగితే వెళ్ళాల్సిన చోట్లన్నీ చట్టం కిందికే వస్తాయి.

స్కూళ్ళలో ఇప్పుడు సీడబ్ల్యూఎస్ఎన్ టాయిలెట్ అని, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి, ఒకటి ఉంటుంది, కమోడు, పక్కన కమ్మీ, వెడల్పు తలుపు. నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట దానికి తాళం వేసి లోపల చీపుళ్ళు, రంగు డబ్బాలు పెట్టేవాళ్ళు, అలాంటి పిల్లలు మన దగ్గర లేరు కదా మేడం అన్నారు. నేనున్నాను కదండీ అన్నాను. తాళం తీయించడానికి మూడు వారాలు. తీసిన రోజు పొద్దున్నే బాటిలు నిండా నీళ్ళు తాగేసి స్కూలుకి వెళ్ళాను, ఎవరికీ చెప్పలేదు.

బస్సు సంగతి కూడా చెప్పాలి, 2025 ఆగస్టు పదిహేను నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ అయ్యింది, చాలా మంచి పని, మా అమ్మ కూడా తిరుగుతోంది. పల్లెవెలుగు మొదటి మెట్టు ఎత్తు మాత్రం అలాగే ఉంది. నా సీటు మీద వికలాంగులకు అని రాసి ఉంటుంది, ఆ సీటు దాకా వెళ్ళేదెలా అన్నదే.

మళ్ళీ ర్యాంపు దగ్గరికొస్తాను. ఎస్టిమేట్ తెప్పించి చూస్తే అందులో "ర్యాంపు ఒకటి" అని మాత్రమే ఉంది, వాలు ఎంతో లేదు. అంటే మేస్త్రి బాబాయ్ తప్పేం లేదు, రాసినంతా కట్టాడు. అర్జీ పెట్టాను. మూడుసార్లు తిరిగాను. ఒకాయన "మీ ఒక్కరి కోసం లక్ష రూపాయల పని పెంచమంటారా" అన్నాడు. ఆయన మొహం చూసి కోపం రాలేదు, ఏడుపొచ్చింది, అయినా ఆపుకుని ఊళ్ళో ఎవరెవరున్నారో చెప్పాను, దింపు అన్నయ్య, పక్షవాతం వచ్చిన కరణంగారి వీధి మామ్మగారు, మోకాళ్ళు అరిగిపోయి వెనక్కి తిరిగి మెట్లు దిగే ఆడవాళ్ళు ఎంతమందో, నిండు నెలల్లో ఉన్న కోడళ్ళు. తర్వాత సెక్షను చూపించాను, కొత్త బిల్డింగుకి ఈ కొలతలు లేకపోతే ప్లానే పాసవ్వకూడదని చట్టంలో ఉంది. ఇంజినీరు ఏఈగారు కుర్రాడు, ఓపిగ్గా విన్నాడు, మా టేపుతోనే మళ్ళీ కొలిచాడు. "గోడ వెంబడి పద్దెనిమిది లాగి, చదును చేసి, వెనక్కి తిప్పి ఇంకో పద్దెనిమిది లాగితే పట్టుద్దండీ, రోడ్డు మీదికి రాదు" అన్నాడు. అదే మాట బాబాయ్‌కి నేల మీద పుల్లతో గీసి చూపించాడు. బాబాయ్ చాలాసేపు ఆ గీత చూసి, "ముందే చెబితే ఒకసారే పోసేసేవాణ్ణి కదయ్యా" అన్నాడు.

రెండు నెలలు పట్టింది. పాత ర్యాంపు సుత్తితో బద్దలుకొడుతుంటే శబ్దం మా ఇంటి దాకా వినపడేది. కొత్తదానికి టైల్సు వద్దన్నాను, సిమెంటు మీద చీపురుతో గీతలు గీయించాడు బాబాయ్. దసరా సెలవుల్లో మా అబ్బాయిని దూరంగా నిలబడమని నేనొక్కదాన్నే ఎక్కాను. మలుపు దగ్గర ఆగి చేతులు దులుపుకుని మళ్ళీ ఎక్కాను. భుజం నొప్పి పుట్టింది. పైకెళ్ళి నా పని నేను చూసుకుని, రసీదు తీసుకుని, నేనే దిగాను.

మొన్న ఆదివారం పొద్దున్నే బాబాయ్ ఫోన్ చేశాడు, ముమ్మిడివరం వైపు ఏదో పనిలో ఉన్నాడంట, వెనకాల కాంక్రీటు కలిపే మిల్లరు శబ్దం.

"అమ్మా, ఇక్కడ ఇరవయ్యెనిమిది అంగుళాలు వచ్చింది. ఇరవయ్యెనిమిది అడుగులే కదా?"

"అవును బాబాయ్. పైన గుమ్మం ముందు ఐదడుగులు చదును మర్చిపోకు, చైర్లో ఉన్నవాళ్ళు తలుపు తీసుకోవాలి."

"అది ఈ ఇరవయ్యెనిమిదిలోనేనా, వేరేనా?"

"వేరే."

"సరే అయితే, ఇంకో లోడు ఇసక చెప్తాను" అని పెట్టేశాడు.